మూడో మాట

మిట్టమధ్యాహ్నం పన్నెండు కావస్తోంది... వైశాఖ బహుళ అమావాస్య!

నడినెత్తిన ఉన్నది సూర్యుడేనా, లేక ప్రళయరుద్రుడి ఫాలనేత్రమా అన్నట్టుంది ఎండ. బేతంచెర్ల దాటాక, మనుషులు వదిలేసి ముప్పై ఏళ్ళయిన నాపరాతి గని ఒకటి నోరు తెరుచుకుని పడి ఉంది. పక్షి కూత లేదు. పురుగు చప్పుడు లేదు. గాలి అసలే లేదు... అయినా గని అంచున ఉన్న తుమ్మకొమ్మలు వాటంతట అవే ఊగుతున్నాయి!

ఆ గనిలోకి ఇద్దరు ఆడవాళ్ళు దిగుతున్నారు.

ముందు నడుస్తున్నది రెజీనా. వయసు ముప్పై ఆరు. చూసినవాళ్ళు యాభై అంటారు. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టి బతుకుతోంది. వెనక ఆమె చెల్లెలు ఆరాధన. ఇద్దరి మణికట్లనూ కలిపి పాత చీర పేలికతో ముడివేసి ఉంది. ఆ ముడి లేకపోతే ఆరాధన ఎటు పరుగెడుతుందో తెలియదు.

ఎనిమిదేళ్ళ కిందట, కర్నూలులో డిగ్రీ చదువుతున్నప్పుడు, ఆరాధనకు మొదటిసారి గోడలోంచి మాటలు వినిపించాయి. అన్నంలో విషం కలిపారని చెప్పేవి. అక్క రూపంలో ఉన్నది అక్క కాదని చెప్పేవి. ఇది మెదడుకు వచ్చే జబ్బు, మాత్రలు ఆపొద్దు అన్నాడు డాక్టరు. మాత్రలు వేసినన్నాళ్ళూ ఆ మాటలు పక్కింటి రేడియోలా సన్నగా గొణుగుతూ ఉండేవి. తల్లి కృపమణి బతికున్నంత కాలం ఆమె కొంతసేపు, రెజీనా కొంతసేపు కాపలా కాచారు. తల్లి పోయి రెండేళ్ళయింది. ఆ తర్వాత రెజీనా చేతిలోంచి ఆ కాపలా అందుకునే మనిషి లేడు. ప్రార్థనకు వచ్చేవాళ్ళు మొదట్లో ఇంట్లో కూర్చునేవారు. తర్వాత గడప దగ్గరే నిలబడ్డారు. ఆ తర్వాత ఆ వీధికే రావడం మానేశారు. ఆరాధనకు ఎలా ఉందని అడిగినవాళ్ళు ఉన్నారు గానీ, నీకెట్లుందని రెజీనాను అడిగినవాళ్ళు లేరు.

అలాంటి మనిషినే వాసన పట్టాడు బొజ్జన్న!

ఒకప్పుడు ఈ గనిలోనే రాయి కొట్టినవాడు. ఇప్పుడు గాలీ దయ్యం వదిలిస్తానని ఊళ్ళు తిరుగుతాడు. పైసా ముట్టడు. అందుకే జనం నమ్మారు.

"నీ చెల్లెలికి జబ్బు కాదు మే, గాలి పట్టిండాది. ముందు ఆ మాత్రలు నిలిపెయ్. అమావాస్య నాడు పొద్దు నడినెత్తికి వచ్చేటప్పటికి గనికి తోలుకోని రా. దుడ్లు ఒద్దు నాకు. మూడుసార్లు ఒక మాట చెప్తే చాలు" అన్నాడు.

మాత్రలు ఆపి తొమ్మిది రోజులు. నాలుగు రాత్రులుగా ఆరాధన, గోడలోని వాళ్ళ నోరు మూయించాలని, స్టీలు గ్లాసుతో గోడను కొడుతూనే ఉంది. ఆ నాలుగు రాత్రులూ రెజీనా రెప్ప వేయలేదు. నిద్ర లేని మనిషి దేన్నైనా నమ్ముతుంది...

గని అడుగున నీళ్ళు ఉన్నాయి. అంత ఎండలోనూ వాటి మీద వెలుగు పడటం లేదు. నల్లగా, చిక్కగా, చలనం లేకుండా... ఏదో కన్ను మూసుకుని పడుకున్నట్టు! నీటి పక్కన రాతిగోడలో తొలిచిన ఎనిమిది గూళ్ళు. ఏడింటిలో ఏడు కపాలాలు! పసుపు పూసి, కుంకుమ దిద్ది, కంటి గుంతల్లో నిప్పుకణికలు పెట్టి ఉన్నాయి. ఎనిమిదోది ఖాళీ.

రెజీనా అక్కడ కాచుకుని ఉన్న బొజ్జన్నవైపు తిరిగింది. "ఇవేంది సామీ?"

"పాతవి. నువ్వు అడగాకు" అన్నాడు బొజ్జన్న. ఒళ్ళంతా తెల్లటి రాతిపొడి పూసుకుని, రక్తవర్ణపు పంచె కట్టుకుని, కాలభైరవుడి వేషం వేసిన శవంలా ఉన్నాడు. ముందుకు వచ్చి అక్కచెల్లెళ్ళ చేతుల ముడి విప్పేశాడు. విప్పిన పేలికను నీళ్ళలోకి విసిరాడు. అది మునగలేదు... ఎవరో కిందినుంచి లాక్కున్నట్టు చటుక్కున మాయమైంది!

"ఓసి పాతాళీ...! ఆకలిగొన్నదానా...! రావే...!"

ఆ అరుపుకు గని గోడలు దద్దరిల్లాయి. నీళ్ళు ఒక్కసారి ఊపిరి తీసుకున్నాయి.

ప్రాణం తీయడం పాతాళికి పెద్ద పని కాదు. కానీ 'నావాళ్ళు' అని ఒక్కరైనా చెప్పుకునే మనిషిని తాకడం దానికి చేతకాదు. అందుకే బొజ్జన్నకు ఇంటివాళ్ళ నోటి మాట కావాలి. మూడుసార్లు వదులుకున్న మనిషి మీద పాతాళికి సర్వాధికారం! ఒక్కొక్క ప్రాణం అప్పగించినప్పుడల్లా బొజ్జన్నకు పదేళ్ళ ఆయుష్షు. అయితే దానికీ ఒక నియమం ఉంది. పిలిచాక దాన్ని ఆకలితో వెనక్కి పంపకూడదు...

"ఆరాధన నాది కాదు. ఈ మాట మూడుసార్లు చెప్పు మే. దాన్ని పట్టిన గాలి వదిలి పోతాది" అన్నాడు.

"అక్కా, పోదాం పా. ఈడ బాగలేదు" అంది ఆరాధన, అక్క కొంగు పట్టుకుని.

బొజ్జన్న రెజీనా చెవి దగ్గరకు వంగాడు. వాడి ఊపిరిలో బూడిద వాసన. "మొన్న ఆదివారం ఇది మిద్దె అంచున కూచ్చున్నప్పుడు, నువ్వు వెనకాల నిలబడి ఏమనుకున్న్యావు? పడిపోతే బాగుండు అనుకోలేదా? నువ్వు అక్కవా? రాక్షసివి! మనసులో ఎప్పుడో వదిలేసినావు. నోటితో చెప్పేకి సిగ్గా?"

రెజీనా ఒక అడుగు వెనక్కి వేసింది. తను దేవుడికి కూడా చెప్పుకోని మాట అది! వీడికెలా తెలిసింది? నిజమే... తను రాక్షసే. ఇంకా ఏ ముఖం పెట్టుకుని నాది అనాలి?

"ఆరాధన... నాది కాదు."

నీళ్ళు ఒక మెట్టు పైకి లేచాయి. కపాలాల కళ్ళలో నిప్పులు భగ్గుమన్నాయి!

"అక్కా!" ఆరాధన కెవ్వున అరిచింది.

"ఇంగోసారి!"

"ఆరాధన నాది కాదు..."

ఆరాధన కాళ్ళ కింద గుండ్రంగా పడి ఉన్న నీడ చెదిరి, పొగలా లేచి, నీళ్ళలోకి ఇంకిపోయింది! కొంగు పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. కీలుబొమ్మలా తిరిగి ఆమె నీళ్ళవైపు నడిచింది. ఒక అడుగు... రెండు అడుగులు... చీలమండల దాకా నల్లటి నీళ్ళు.

"మూడోసారి! తొందరగా!" బొజ్జన్న కంఠంలో ఆబ.

అప్పుడు మోగింది రెజీనా జాకెట్లోని ఫోను.

"కట్ చెయ్ మే!"

కానీ చేతికి అలవాటు. ఎత్తేసింది.

"ఏం తల్లీ, యాడుండావు?" షంషాద్ బీ గొంతు. నందికొట్కూరు మనిషి. ఆమె కొడుకు రబ్బానీకీ ఇదే జబ్బు; ఆసుపత్రి వరండాలో నెలకొకసారి పక్కపక్కన కూర్చుంటారు. "ఈ పొద్దు మన చూపిచ్చుకునే రోజు గదా! నీ టోకెను గూడా నేనే తీసిపెట్టినా. వారం దినాలుగా ఫోను చేస్తాండా, ఎత్తవే. నీకు బాగుండాదా?"

నీకు బాగుండాదా! ఆ ఒక్క ప్రశ్నకు రెజీనా లోపల ఏదో కట్ట తెగింది.

"షంషాదక్కా... ఆరాధన చచ్చిపోతే బాగుండు అనుకున్న్యా. నేను మనిషినేనా?"

అవతల వరండాలో పేర్లు పిలుస్తున్న రొద.

"ఓస్, అంతేనా! నేను కడుపున పుట్టినోన్నే అనుకున్న్యా. ఒకతూరి కాదు, శానాతూర్లు. మొన్న రంజాను దినం పొద్దున అనుకున్న్యా, మధ్యాన్నం మళ్ళా వానికి నేనే సేమియా తినిపిచ్చినా. ఈ వరండాలో కూచ్చున్నోళ్ళలో ఆ మాట అనుకోనోళ్ళు ఎవురుండారు? అలిసిపోయినావు తల్లీ, అంతే. దాన్ని తీసుకోని రా. రెండు దినాలు మా ఇంట్లో నేను చూసుకుంటా. నువ్వు నిద్రపో."

ఎవరికీ చెప్పలేక రెజీనా మోసిన పాపం, అలసిపోయినవాళ్ళందరి మాటే అయింది. బొజ్జన్న చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం తుప్పుపట్టి రాలిపోయింది!

నీళ్ళలో ఉన్న ఆరాధన తల తిప్పి గూళ్ళవైపు చూసింది. గూటి కింద రాతి మీద ఉలితో చెక్కిన అక్షరాలను, బడిలో చదివినట్టు పైకి చదివింది.

"నాగక్క... సుజన... అక్కా, ఈడ సుజన పేరుండాది. ఎనిమిదో దానికింద నా పేరుండాది."

సుజన! అదే వరండాలో కూర్చునే పిల్ల. రాజంపేట బస్టాండులో తప్పిపోయిందని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా చెప్పిన ఆమె తండ్రి ముఖం రెజీనాకు గుర్తొచ్చింది. అంటే... ఆ తండ్రి కూడా ఈ రాతి మీదే నిలబడి, మూడుసార్లు...!

"చెప్పు మే! లేకుంటే నిన్ను గూడా తోసేస్తా!" బొజ్జన్న ఆమె జుట్టు పట్టుకున్నాడు.

నీళ్ళ అడుగునుంచి ఒక గొంతు లేచింది. ఆడగొంతు కాదు, మగగొంతు కాదు. వేయి బండలు ఒకదానిమీద ఒకటి ఒరుసుకున్నట్టు... "ఎవరిది... ఇది... ఎవరిది...?"

రెజీనా చెవులు మూసుకుంది. ఆరాధన మాత్రం బెదరలేదు. ఎనిమిదేళ్ళుగా గొంతులతో కాపురం చేసిన పిల్ల! "అక్కా, ఇది నాకు వినపడేది కాదు. ఇది వేరే. దీనికి ఆకలైతాంది. నువ్వు జవాబు చెప్పు" అంది, నిదానంగా.

రెజీనా జుట్టు తెగేలా తల విదిలించుకుని నీళ్ళలోకి దూకింది. చెల్లెలి నడుము చుట్టూ చేతులు బిగించింది.

"నాది! ఇది నాది! జబ్బుతో ఉన్నా నాదే, నన్ను కొట్టినా నాదే! నాది!"

గని దద్దరిల్లింది! ఆరాధన పాదాల కిందికి నీడ తిరిగొచ్చింది. బొజ్జన్న కాళ్ళ కింద మాత్రం... వెలుగే మిగిలింది. నీడ లేదు!

"ఎవరిది...?" గొంతు మళ్ళీ అడిగింది. ఈసారి అది అడుగుతున్నది బొజ్జన్న గురించి.

వాడు మొదటి గూటి దగ్గరకు పాక్కుంటూ పోయాడు. "నాగక్కా! నేనే నీ మొగుణ్ణి! నావాడని ఒక్క మాట చెప్పవే!"

కపాలం దవడ కిర్రుమంటూ కదిలింది. ముప్పై ఏళ్ళ కిందట, పిచ్చిదని ఇదే నీళ్ళకు అప్పగించిన భార్య అది.

"బొజ్జన్న... నావాడు కాదు."

తక్కిన ఆరు నోళ్ళూ తెరుచుకున్నాయి. "మావాడు కాదు... మావాడు కాదు...!"

నల్లటి నీళ్ళు నాలుకలా లేచి వాడి కాళ్ళను చుట్టాయి. చర్మం కాలిన వాసన. మోకాళ్ళ దాకా... నడుము దాకా... ఎముకలు ఒక్కొక్కటే విరుగుతున్న చప్పుడు! వాడు రెజీనావైపు చేతులు చాచాడు.

"అమ్మా! తల్లీ! నువ్వన్నా చెప్పు! మా మనిషి అని ఒక్క మాట! నీ కాళ్ళు మొక్కుతా, ఒక్క మాట...!"

రెజీనాకు తెలుసు. ఆ ఒక్క మాటతో వాడు బతుకుతాడు.

ఆమె పెదవులు బిగించుకుని చూస్తూ నిలబడింది. ఛాతీ మునిగింది. మెడ మునిగింది. తెరిచిన నోట్లోకి నీళ్ళు నిండి, ఆఖరి అరుపు బుడగలై పైకొచ్చి పగిలేదాకా, కదలకుండా చూసింది.

ఆ సాయంత్రం ఇద్దరూ నందికొట్కూరు చేరారు. షంషాద్ బీ ఇంట్లో రెజీనా ఒక రాత్రీ ఒక పగలూ నిద్రపోయింది. తర్వాతి రోజు డాక్టరు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు. గోడలోని మాటలు పోలేదు, సన్నబడ్డాయి, అంతే. పోలీసులు గనిలోంచి ఏడు కపాలాలు తీశారు. బొజ్జన్న శవం దొరకలేదు. సుజన తండ్రి, కూతురి పేరు చెక్కిన రాతి ముందు కూలబడి "నాది, నాది" అని తల కొట్టుకున్నాడట. అప్పటికి అక్కడ వినేది ఏదీ లేదు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, జడ వేయించుకుంటూ ఆరాధన అడిగింది.

"అక్కా, ఆ దినం నువ్వు చెప్పింటే ఆయప్ప బయటికి వచ్చేవాడు గదా?"

రెజీనా దువ్వెన ఆపలేదు.

"వచ్చేవాడు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబుద్ధి కాలేదు" అంది రెజీనా. పాయలు మూడూ గట్టిగా లాగి అల్లింది.