మెరుగు చక్రం

ఆ ఉదయం కూడా తొకుజి వాకిట్లో మంచు తోసేసి వచ్చి, మిసో చారు గిన్నె ముందు కూర్చున్నాడు. త్సుబామె పట్టణంలో స్టీలు చెంచాలకు మెరుగు పెట్టడం మూడు తరాలుగా ఆ ఇంటి వృత్తి. ఒకప్పుడు ఆ వీధిలో పదకొండు షెడ్లుండేవి. ఇప్పుడు మిగిలింది అతనిదొక్కటే. డెబ్బై మూడేళ్లు నిండడంతో, మార్చి నెలాఖరుకు దాన్నీ మూసేద్దామని నిశ్చయించుకున్నాడు.

ముందురోజే నీగాతా నగరం నుంచి వచ్చిన కూతురు మిజుహో అన్నం తింటూ, బ్యాంకు ఉద్యోగం మానేశానని, మెరుగు పని తాను నేర్చుకుంటానని చెప్పింది.

తొకుజి చారు గిన్నె కింద పెట్టాడు. ఇక ఆగలేదు. పదేళ్లు పడితేగాని చెయ్యి కుదరదని, ముప్పై రెండేళ్లకు మొదలుపెట్టే పని కాదని, వెంటనే మేనేజరుకు ఫోన్ చేసి క్షమాపణ అడగమని అన్నాడు. మిజుహో తల వంచుకుని విందే తప్ప సరేననలేదు.

ఎప్పుడూ కల్పించుకోని సయోకో, టీ పోస్తూ భర్తతో నెమ్మదిగా అంది.

"అసలు సంగతి చెప్పండి. లేకపోతే పిల్ల, తన మీద మీకు నమ్మకం లేదనుకుంటుంది."

తొకుజి కిటికీ వైపు చూశాడు. "నాకు బడిపంతులు అవ్వాలని ఉండేది. పంతుళ్ల కాలేజీలో సీటిచ్చినట్టు కాగితం కూడా వచ్చింది. మీ తాత ఆ కాగితం పొయ్యిలో పడేసి, నన్ను చక్రం ముందు కూర్చోబెట్టాడు. నువ్వు పుట్టిన రోజే అనుకున్నా, దీన్ని నీ మెడకు కట్టకూడదని."

మిజుహో కళ్లు తుడుచుకుంది. "నువ్వు కట్టలేదు నాన్నా. బ్యాంకులో నా పనేంటో తెలుసా? వారసుల్లేక మూసేసే కార్ఖానాల వాళ్లతో సంతకాలు పెట్టించడం. సంతకం అయ్యాక ఆ పెద్దవాళ్లు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు కూర్చుంటారు. నిన్ను అలా చూడలేను. పైగా నాకీ పని ఇష్టం. నువ్వే ఎప్పుడూ షెడ్డులోకి రానివ్వలేదు."

తొకుజి లేచి వెళ్లిపోయాడు. తల్లీకూతుళ్లు గిన్నెలు కడుగుతుండగా మోటారు చప్పుడు వినిపించింది. అంతలోనే ఆగింది. అతను షెడ్డు తలుపు తీసి నిలబడ్డాడు.

"వస్తున్నావా, లేదా?"

మిజుహో చక్రానికి ఆనించిన మొదటి చెంచా ఎగిరి గోడకు తగిలింది. అతను కోప్పడలేదు. ఆమె మోచేతిని పట్టుకుని ఆమె ఒంటికే ఆనించాడు.

"గట్టిగా నొక్కకు. భయపడితే చక్రానికి తెలిసిపోతుంది."

మధ్యాహ్నానికి ముప్పై చెంచాలు పాడయ్యాయి. ఆ తర్వాతిదాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. బాగుందని మాత్రం అనలేదు.

"రేపు ఏడింటికల్లా రా. ఆలస్యమైతే ఊరుకోను" అని ముఖం తిప్పుకున్నాడు.

భోజనానికి పిలవడానికి వచ్చిన సయోకోతో, కళ్లు తుడుచుకుంటూ, మెరుగు పొడి పడిందన్నాడు. ఆమె నమ్మినట్టే తలూపింది.