తులసమ్మ చదివిన చివరి భాగం

ఆదివారం పొద్దున్నే గురునాథరావు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హాల్లో టీవీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సినిమా పదకొండింటికి. అదీ ఇంట్లోనే. అద్దెకి తెచ్చిన వీసీఆర్‌కి ఇంత సింగారమేమిటని చిన్నకూతురు అమ్ము నవ్వింది.

"సినిమా అంటే మీ యమ్మ ఇస్త్రీ సొక్కా తీసి పెట్టీది. పద్దతి పద్దతే," అన్నాడాయన.

తులసమ్మ పోయి అయిదు నెలలైంది. ఆయన ఇంకా ఆవిడ పద్ధతుల మీదే బతుకుతున్నాడు.

గురునాథరావు చదువు రెండో తరగతితో ఆగిపోయింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లలో ముప్ఫై మూడేళ్లు చేసి, అక్కడికి దగ్గర్లోనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్న మనిషి. అయినా నవలల గురించి ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు. తులసమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు కత్తిరించి దాచి, కథ పూర్తయ్యాక బైండు కట్టించేది. ఆయన పొద్దుటి షిఫ్టు దిగి అన్నం తిని మంచం మీద వాలితే, ఆవిడ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని పైకి చదివేది. ఆ నవల సినిమాగా వస్తే తెలుగు సంఘం వాళ్లు ఎప్పుడో ఒక ఆదివారం తెప్పించి ఆడించేవారు. మొగుడూ పెళ్లాలిద్దరూ సైకిలు మీద వెళ్లేవారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా తగువు. పుస్తకమే బాగుందని ఆవిడ, సినిమానే బాగుందని ఈయన. ఆ తగువు కోసమే సినిమాకి వెళ్లేవారేమో కూడా.

ఒక్క సినిమాకి మాత్రం తులసమ్మ కదల్లేదు. 'గడియ పడిన తలుపు' అని. కూతురు తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని తండ్రి తలుపు గడియ వేసేస్తాడు. ఎన్నేళ్లకో మనసు కరిగి ఆ పిల్ల గుమ్మానికి వెళతాడు. సంఘం వాళ్లు ఆ సినిమా తెప్పించిన రోజున ఆవిడకి తలనొప్పి వచ్చింది. "సివరి భాగం తగలెట్టీసినారంట. మనకెందుకు?" అంది. ఆయన సరే అన్నాడు గానీ ఏడాదికోసారి ఆ చివరి భాగం మళ్లీ చదివించుకునేవాడు. తండ్రి మెత్తబడే చోట కళ్లు తుడుచుకునేవాడు కూడా. తన పెద్దకూతురు భాగ్యరేఖ మాత్రం ఆయనకి గుర్తొచ్చేది కాదు. మనిషి అంత మొండివాడు.

ఎనిమిదేళ్ల కిందట భాగ్యరేఖ మనోజ్‌కుమార్‌ని పెళ్లి చేసుకుంది. రైల్వే కుటుంబం, చర్చికి వెళ్లేవాళ్లు. కుమ్హారిలో కాపురం. లోకల్ రైలెక్కితే అరగంట కూడా పట్టదు. ఆ అరగంట దూరం ఎనిమిదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా వెళ్లలేదు, వెళ్లనివ్వలేదు. తులసమ్మని వాకిట్లో పడుకోబెట్టిన రోజున ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వస్తే, గేటుకి అడ్డంగా నిలబడి "నా గడప తొక్కొద్దు" అన్నాడు. తల్లిని అది గేటు బయట నుంచే చూసి వెళ్లిపోయింది.

పక్కింటి కనకరత్నం పళ్లెంలో జంతికలు పట్టుకొచ్చింది. అమ్ము ఆ 'గడియ పడిన తలుపు' క్యాసెట్టే పెట్టింది. గురునాథరావు ప్రతి సీనుకీ ముందే కథ చెప్పేస్తూ, "ఇక్కడ సూడు, తండ్రి పళ్లెం తోసేస్తాడు," అంటూ హుషారుగా ఉన్నాడు. "నాన్నా, చుప్‌గా చూడు ప్లీజ్," అని అమ్ము రెండుసార్లు కసురుకుంది.

చివరికి తండ్రి కూతురి గుమ్మానికి వెళ్లాడు. తలుపుకి బయట గడియ పడి ఉంది. జ్వరంతో ఆ పిల్ల పోయి మూడు రోజులైందని పొరుగావిడ చెప్పింది. గడియ పట్టుకుని తండ్రి కూలబడిపోయాడు. సినిమా అయిపోయింది.

గురునాథరావు దిగ్గున లేచాడు. "ఇదేటిది! తగలెట్టీసినారు కతని! ఆ పిల్ల చావడమేటి? మీ యమ్మ అందుకే ఒద్దంది. పుస్తకంలో ఆ పిల్ల తలుపు తీస్తాది, తండ్రి తెచ్చింది అందుకుంటాది!"

కనకరత్నం నోట్లో జంతిక నోట్లోనే ఉంది. "లేదు అన్నయ్యగారూ, పుస్తకంలోనూ ఇంతే. నేనూ చదివినాను కదా."

"నువ్వు ఏం చదివినావో! నేను ఒకసారి కాదు, ఆరేడుసార్లు విన్నాను. ఆవిడ అబద్దం చదివిందంటావేటి?"

"నాన్నా, అరవకు," అంది అమ్ము. "పుస్తకం ఉంది కదా. చూద్దాం."

"నీకు తెలుగు చదవడం వస్తే కదా!"

"అమ్మ నేర్పింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు."

ఆ సంగతి ఆయనకి తెలియదు. అమ్ము అలమారలోంచి బైండు తీసి చివరి కాగితాలు తెరిచింది. పుట్టి పెరిగిందంతా భిలాయిలోనే, చదివిందంతా హిందీలోనే. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "త...లు...పు. తలుపు. కి. బ...య...ట. బయట గడి...య..."

గబగబా చదివేసి ఉంటే ఆయన కోపంగానైనా వినేవాడేమో. ఆ పిల్ల అలా అక్షరం అక్షరం తవ్వి తీస్తుంటే ఒక్కో ముక్కా వచ్చి మీద పడింది. "పో...యి. పోయి... మూడు రోజులు..." దగ్గర అమ్ము ఆగిపోయింది.

"మిగతాది?" అన్నాడు ఆయన.

"ఇంక లేదు నాన్నా. అంతే ఉంది."

కనకరత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వదినగారు మీకోసం అల్లుకుని చదివిందన్నయ్యగారూ. ఏనాటికైనా మీరు ఎల్తారని."

"పెళ్లాం ఆరేడుసార్లు కాళ్లు పట్టుకున్నట్టు అడిగింది, నీకు కథలా వినబడింది," అంది అమ్ము. ఆ పిల్ల ఎప్పుడూ తండ్రితో అలా మాట్లాడలేదు. "దీదీని గేటు దగ్గర ఆపావు. నేను అక్కడే ఉన్నాను. నిన్ను మాఫ్ చెయ్యలేను నాన్నా. కోషిష్ చేశాను, ఎంత ప్రయత్నించినా అవ్వట్లేదు."

గురునాథరావు కోపగించుకోలేదు. చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. పవర్‌హౌస్ స్టేషన్‌లో టికెట్ తీసుకుంటున్నప్పుడు కిటికీలోని మనిషి ఏ ఊరికని అడిగాడు. రెండోసారి అడిగితే "కుమ్హారి" అన్నాడు.

కుమ్హారిలో మనోజ్‌కుమార్ ఇల్లు అడుగుతూ వెళ్లేసరికి భాగ్యరేఖ గేటు దగ్గర బట్టలు ఆరేస్తోంది. ఆరేళ్ల కూతురు ఛాయ అరుగు మీద లెక్కలు చేసుకుంటోంది. తండ్రిని చూసి భాగ్యరేఖ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది.

"అమ్ముకి ఏమైనా అయిందా?"

"లేదమ్మా. బాగుంది."

"మరెందుకొచ్చినారు?" ఆ 'మీరు' ఆయనకి గట్టిగానే తగిలింది. గేటు తియ్యలేదామె.

రైల్లో అనుకున్న మాటలన్నీ పోయాయి. "మీ యమ్మ ఒక కత చదివీది," అన్నాడు. "అందులో తండ్రి కూతురింటికి ఎల్తాడు. పుస్తకంలో అయితే ఆ కూతురు ఉండదు, సచ్చిపోతాది. నాకు ఇయాలే తెలిసింది. మీ యమ్మ నాకలా చదవలేదు. తండ్రి ఏదో ఒకటి తీసుకెళ్తాడు, కూతురు తలుపు తీస్తాదని చదివింది. మొదట పసుపు చీర తీసుకెళ్లినాడంది."

భాగ్యరేఖ మొహం మారింది. "ఏ సంవత్సరం?"

"సీరియల్ అయిపోయిన ఏడు. ఎనభై తొమ్మిది."

"అప్పుడే కనకరత్నం అత్త అడ్రసుకి అమ్మకి రాసినాను. పెళ్లై ఏడాది అయింది, పుట్టింటి చీర ఒక్కటీ లేదని."

ఆయనకి ఇంకా అందలేదు. "మరుసటేడు పుల్ల మామిడికాయలంది. పోయినేడు చీరన్నావు కదే అంటే, నువ్వు మరిసిపోనావు అని నన్నే కసిరింది. ఆ తరవాత చిన్న వెండి మురుగులు. మొన్నా మధ్య పలక..."

అంటూనే ఆయన కళ్లు అరుగు మీద పిల్ల వైపు తిరిగాయి. ఛాయ తల ఎత్తి చూస్తోంది. మామిడికాయలూ, మురుగులూ, పలకా అక్కడే కూర్చుని ఉన్నాయి. కూతురి కబుర్లన్నీ తులసమ్మ ఏటేటా ఆయన చెవిలో వేస్తూనే వచ్చింది. ఆయన మంచం మీద పడుకుని కథ బాగుందన్నాడు.

"ఆఖరిసారి ఏం తెచ్చాడన్నాది?" అంది భాగ్యరేఖ.

"ఆస్పత్రిలో చెప్పింది. పుస్తకం కూడా లేదు చేతిలో. ఈసారి ఉత్తి చేతుల్తో ఎల్లినాడంది. ఏటీ తేలేదా అన్నాను. 'ఏటీ ఒద్దు, మనిషి ఎల్తే చాలు' అంది." ఆయన గేటు కమ్మీ పట్టుకున్నాడు. "బాగుందే అన్నానమ్మా. బాగుందే అని దుప్పటి సర్దినాను."

తడిబట్టలోంచి నీళ్లు కారి భాగ్యరేఖ కాళ్ల దగ్గర మడుగు కట్టింది.

"అమ్మ మొహం నాకు సరిగ్గా కనబడలేదు నాన్నా," అంది చివరికి. "జనం అడ్డొచ్చారు."

ఆయన ఏం చెప్పినా ఆ మొహం తిరిగి రాదు. "నేను గేటు బయటే ఉంటానమ్మా. నిన్ను బయట నిలబెట్టినోణ్ణి," అన్నాడు.

"మమ్మీ, యే కౌన్ హై?" ఈయనెవరని అడిగింది ఛాయ.

భాగ్యరేఖ కొంగుతో మొహం తుడుచుకుంది. "పుస్తకంలో కూతురు చచ్చిపోతుందన్నావు కదూ. అమ్మ నన్ను ఒక్క ఏడు కూడా చావనివ్వలేదు." గేటు గడియ తీసింది. "రా నాన్నా. లోపలికి రా."

ఛాయ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. అరుగు మీద కూర్చుని ఆయన ఆ పిల్ల మొహం వంక చూస్తూ ఉండిపోయాడు. అలవాటు కొద్దీ, ఇంటికెళ్లి ఈ సంగతి తులసికి చెప్పాలనుకున్నాడు. పుస్తకం కాదు, సినిమా కాదు, నువ్వు చదివిందే బాగుంది అని. జీవితంలో మొదటిసారి ఆవిడతో తగువు ఓడిపోదామనుకున్నాడు. వినడానికి ఆవిడ లేదు. తాగకుండానే ఆయన చేతిలో గ్లాసు ఒరిగి నీళ్లు ఇస్త్రీ చొక్కా మీద ఒలికాయి. భాగ్యరేఖ వచ్చి పక్కన కూర్చుని ఆ గ్లాసు పట్టుకుంది.