రాకేశ్ పేరు మీది సీస

కోరుట్లల బంద్ అంటే ఆ రోజుల్ల నిజంగ బందే. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న కాలం. బస్సులు డిపోల్లనే ఉండె. దుకాణాల షట్టర్లు దిగి ఉండె. కరెంటు సుత పొద్దుగాల్నే పోయింది. ఎండ ఒక్కటే బంద్ మాట వినక, ఎప్పటి లెక్కనే వచ్చి నెత్తి మీద కూచున్నది. నడిరోడ్డు మీద కుక్క పండుకుంటే లేపే దిక్కు లేకుండె.

గసుంటి ఒక పగటిపూట, పసుపు వ్యాపారం చేసే శశిధర్ రావు తన ఇంటెనుక అర్రల నేల మీదున్న చెక్క తలుపు తాళం తీసి, పాతరలకు దిగిండు.

పాతర అంటే గింజలు పోసే గుంత అనుకునేరు. గాదు. ఆయన తాత విత్తనపు పసుపు కొమ్ములు దాచెటందుకు భూమిల తవ్వించి, చుట్టూ రాయి కట్టించిన అర్ర. మెట్లు దిగితే మనిషి నిలబడేంత ఎత్తు. పైన ఎండ మాడగొట్టినా లోపల సల్లగ ఉంటది. పసుపు ఖాళీ చేసి ఏండ్లయినా వాసన పోలే. గోడకు చెయ్యి ఆనిస్తె ఇప్పటికీ వేళ్లకు పచ్చగ అంటుతది. ఇప్పుడు గా అర్రల ఉన్నయి మందు సీసలు.

నవ్వకుండ్రి. ఊరంత నవ్వింది చాలు. శశిధర్ రావుకు ఉన్న పిచ్చి గదొక్కటే. వయసుల ఉన్నప్పుడు పసుపు బేరానికి బొంబాయి పోతే, అక్కడి ఎగుమతి వ్యాపారి ఒకాయన అన్నం తిన్నంక చిన్న గ్లాసుల ఎర్రటి పోర్ట్ వైన్ పోసిండట. పోర్చుగల్ దేశం ద్రాక్ష మందు. పంట మంచిగ కుదిరిన ఏడాదికే దాన్ని వింటేజ్ అంటరు. సీసలకెక్కినంక ఇరవై ముప్పై ఏండ్లు అడ్డంగ పండబెట్టి, ముట్టకుండ కాపాడాలె. ఎండ తగలద్దు, వెలుగు తగలద్దు, కుదుపు తగలద్దు. లోపల మెల్లగ మడ్డి పేరుకుంటది, మందు ముదురుతది. గా ఒక్క గ్లాసుతోని మనిషి పడిపోయిండు. లండన్ పోయే చుట్టాలను బతిమాలిండు, దుబాయి నుంచి వచ్చేటోళ్లను బతిమాలిండు. ఒకటీ రెండు చేసి పాతర గోడ పొడుగూత పేర్చిండు.

"రావు సాబ్, మేం కొన్నది రాత్రికే ఒడిసిపోయి సీస ఖాళీ అయితది. నీది మనుమల పెండ్లికి గూడ ఒడువదు" అని దోస్తులు పరాచికాలాడేటోళ్లు. ఆయన నవ్వేటోడు. తెరిచి తాగుడు ఆయనకు పెద్దగ పట్టకపోయేది. కొనాలె, పండబెట్టాలె, దినాం దిగి చూసుకోవాలె. తెరిస్తె అయిపోతది గదా, అనేటోడు.

గా సీసల్ల ఒకటి రాకేశ్ పేరు మీదిది. రాకేశ్ ఆయన ఒక్కగానొక్క కొడుకు. కొడుకు పుట్టిన ఏడాది పంట మందు కొనిపెట్టి, ఇరవయ్యొక్కటి నిండినాడు తండ్రీకొడుకులు కలిసి తాగుడు ఆ దేశాలల్ల ఒక ముచ్చటట. బొంబాయి వ్యాపారి చెప్పినప్పటి సంది శశిధర్ రావుకు గదే ధ్యాస. పిలగాడు మాటలు నేర్చేనాటికి గా సీస దొరికింది. తువ్వాలల చుట్టి, రైల్ల ఒళ్లె పెట్టుకోని తెచ్చిండు.

రాకేశ్ చిన్నప్పటి సంది తండ్రి ఎంబడి పాతరలకు దిగేటోడు. "బాపూ, నాది ఎప్పుడు తెరుస్తవ్?" అని అడిగేటోడు. తండ్రి అన్నీ నేర్పిండు. తెరిచే ముందటి దినం సీసను లేపి నిలబెట్టాలె, మడ్డి అడుక్కు దిగుతది. తెల్లబట్టల వడగట్టాలె. మెడ ఎనుక కొవ్వొత్తి పెట్టి, మడ్డి రాంగనే ఆపాలె. వాడు పెద్దగయినంక గూడ గవి మర్చిపోలే.

జగిత్యాలల డిగ్రీ చదువుతనని పోయిన పిలగాడు ఉద్యమంల పడ్డడు. సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు సిరిసిల్లల నేతోళ్ల పిల్లలతోని దోస్తీ కలిసి, అక్కడి దీక్ష టెంటులనే ఉండేటోడు. ఒకనాడు మోటర్ సైకిల్ మీద ఇంటికి బయలెల్లిండు. పొద్దుగూకింది. మేడిపల్లి కాడ రాస్తారోకోకు అడ్డం పెట్టిన బండలు ఎవరూ తియ్యలే. కాలబెట్టిన టైర్లు ఇంక పొగలేస్తనే ఉండెనట. గా పొగల బండలు కనబడక గుద్దుకోని పిలగాడు అక్కడనే పానం ఇడిచిండు. ఎవరి మీద కేసు పెడ్తరు? పెట్టినోళ్లు వాని దోస్తులసుంటోళ్లే. ఇంకో ఊర్ల వాడు సుత గట్లనే పెట్టినోడే.

కర్మల దినం నాడు వానికి ఇష్టమైనవన్ని వాని అర్రల పెట్టి తలుపు మూసిండ్రు. పోయినోళ్లు వచ్చి తిని తోవ పడ్తరని మనోళ్ల నమ్మకం. మటన్ పెట్టిండ్రు, బగారన్నం పెట్టిండ్రు, బీరు పెట్టిండ్రు. తల్లి సత్యవతి మొగని దగ్గరికొచ్చి, "వాని సీస గూడ పెట్టుండ్రి" అన్నది.

శశిధర్ రావు తల అడ్డం ఊపిండు. "ఇంక టైం గాలే. ఇప్పుడు తెరిస్తె ఖరాబయితది" అన్నడు.

రాయసుంటి మనిషని గాదు. గా సీస తెరిస్తె కొడుకు నిజంగనే అయిపోయినట్టని ఆయన పానం కొట్టుకున్నది. గని గా మాట పెండ్లానికి చెప్పలే. తలుపు తీసేసరికి పెట్టింది పెట్టినట్టే ఉన్నది. ఉండదా మరి, అంటరు మీరు. కన్నతల్లికి గట్ల చెప్పుండ్రి చూద్దాం.

గానాటి సంది సత్యవతి పగటన్నం బందు పెట్టింది. "వాడు ఆకలి మీద తిరుగుతున్నడు. నాకెట్ల దిగుతది?" అనేది. పొద్దుగూకంగ మోటర్ సైకిల్ చప్పుడైతే లేచి వాకిట్ల నిలబడేది. మనిషి సగమైంది. డాక్టర్ రాసిన గోలీలు గూట్లెనే ఉన్నయి. ఇట్లనే ఇంకొన్ని నెల్లైతె ఈమె గూడ దక్కదని శశిధర్ రావుకు సమజైంది. రాత్రుల్లు గా భయంతోనే ఆయనకు నిద్ర లేదు.

బంద్ పడ్డ గా దినమే రాకేశ్‌కు ఇరవయ్యొక్కటి నిండేది.

ఎండెక్కినంక పసుపు గోదాంల పనిచేసే మొగిలి వచ్చిండు. ఎండకాలం పాతర వేడెక్కకుండ లోపలి గోనెసంచులు తడిపేది ఆయననే. వాకిట్లనే ఆగిండు.

"దొరా, నేను కిందికి పోను."

"ఏమైందిరా?"

"మొన్న తడుపుతాంటె నా ఎన్క ఎవరో నిలబడ్డరు. టైరు కాలిన వాసన. దగ్గు..." మొగిలి గొంతు తగ్గించిండు. "చిన్నదొర దగ్గే."

శశిధర్ రావు పైజామ జేబులకెళ్లి తాళంచెవి తీసి, టార్చిలైటు పట్టుకోని తనే దిగిండు. నిన్న సాయంత్రం సుత ఆయననే దిగి తాళమేసి వచ్చిండు. తాళంచెవి ఇంకొకటి లేదు.

లోపల ఎప్పటి లెక్కనే సల్లగ ఉన్నది. పసుపు వాసన, తడి గోనె వాసన. టార్చి వెలుగు సీసల మీద పారుకుంట పోయింది. అన్ని పండుకోనే ఉన్నయి. చివరికొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

రాకేశ్ సీస నిలబడి ఉన్నది.

కింద పడలే. వొరగలే. తెరిచే ముందటి దినం నిలబెట్టినట్టు, నేల మీద, గోడ వారకు... నిటారుగ. పండుకున్న జాగల దుమ్ము దుమ్ము లెక్కనే ఉన్నది. శశిధర్ రావు వొంగి సీస మెడ ముట్టిండు. గంత సల్లటి అర్రల గా మెడ ఒక్కటి వెచ్చగ ఉన్నది. ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు.

మెట్లెట్ల ఎక్కిండో ఆయనకే తెల్వదు. వంటింట్లకు పోయి, గోడకు ఆనుకోని సత్యవతికి చెప్పిండు. ఆమె జడుసుకోలే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, మొకం మీద మాత్రం నెలల సంది లేని కళ వచ్చింది.

"అడుగుతున్నడు" అన్నది. "పోసి రాండ్రి. వాని మనసు తీరి వాని తోవ వాడు పోతడు. నేను గూడ ఇయ్యాల తింట."

"సరే."

"గని మీరు ముట్టకుండ్రి. పోయినోళ్లకు పెట్టేది ఎంగిలి గావద్దు. ఎంగిలి చేస్తె వాడు పోడు, ఇక్కడనే చిక్కుకుంటడని మా అమ్మమ్మ చెప్పేది. వాని మీద పానం ఉంటె పోనియ్యుండ్రి."

"ముట్ట" అన్నడు శశిధర్ రావు. గప్పుడు నిజంగనే అన్నడు.

కొవ్వొత్తి, తెల్లబట్ట, ఒకే ఒక్క గ్లాసు పట్టుకోని మళ్ల దిగిండు. కొవ్వొత్తి ముట్టించి మెట్టు మీద పెట్టిండు. బిరడ ముసలిదైపోయి ముక్కలు ముక్కలుగ వచ్చింది. గ్లాసు మీద బట్ట పరిచి సీస మెల్లగ వొంచిండు. మడ్డి కదులుతది, కుదుపద్దు అని తనకు తనే చెప్పుకున్నడు. గంత దుఃఖంల గూడ మడ్డి గురించి ఆలోచించే మనిషి, ఏం చేస్తరు.

మందు ముదురు ఎరుపుల దిగింది. ఎండుద్రాక్ష వాసన, పాకం వాసన అర్రంత నిండింది. పసుపు వాసన సుత కిందికి పోయింది.

తర్వాత ఇంకో వాసన వచ్చింది.

కాలిన టైరు.

శశిధర్ రావు ఎనుకకు తిరగలే. సీస వొంచిన చెయ్యి గట్లనే ఉంచిండు. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. తలుపు చప్పుడు లేదు. కొవ్వొత్తి మంట కదలలే. గని ఆయన కుడి భుజం ఎన్క ఎవరో ఊపిరి తీసుకుంటున్నరు... మెల్లగ... పొగ మింగినోని లెక్క, గరగరమని.

దగ్గు.

చిన్నగ, చెయ్యి అడ్డం పెట్టుకోని దగ్గినట్టు.

"కొడుకా" అన్నడు శశిధర్ రావు. మళ్ల అన్నడు. "కొడుకా... నీదే. తాగి పో."

ఊపిరి ఆగింది. తర్వాత చెవి పక్కనే, పిలగానప్పటి గొంతుతోని గుసగుస వినబడ్డది.

"పోవాల్నా బాపూ?"

గ్లాసు గోడ వారకు పెట్టి, దండం పెట్టి, పైకి వచ్చెయ్యాలె. గంతే పని. సత్యవతి చెప్పింది గంతే. పో కొడుకా, అని ఒక్క మాట అంటె అయిపోతది. శశిధర్ రావు నోరు తెరిచిండు గని గా మాట రాలే. అయిపోతది, అనే తలపునే ఆయన ఓర్వలే. జిందగీల ఏదీ తెరిచి అయిపోగొట్టనోడు, కొడుకును ఎట్ల ఒడగొడ్తడు?

మందు మంచిగున్నదో లేదో చూడకుండ ఎవరికీ పొయ్యద్దు గదా, గదే నా అలవాటు, అని లోపల అనుకున్నడు. అబద్ధం. గది అబద్ధమని అనుకుంటున్నప్పుడే ఎరుక ఆయనకు.

గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగిండు.

తియ్యగ ఉన్నది. ఆయన జిందగీల తాగినయన్నిటికంటె మంచిగ ఉన్నది. కండ్లల్లకెళ్లి నీళ్లు కారి గ్లాసుల పడ్డయి.

ఎన్క ఊపిరి లేదు. టైరు వాసన లేదు. తిరిగి చూసిండు. గోడ, సీసలు, తడి గోనెసంచులు. ఎవరూ లేరు. కొడుకు కోపం జేసి పోయిండో, సంబరపడి పోయిండో తెల్వదు. మెట్ల మీద కూలబడి బాగసేపు ఏడ్చిండు. మిగిలిన గ్లాసు అక్కడనే పెట్టి పైకొచ్చిండు.

సత్యవతి దర్వాజ కాన్నే నిలబడి ఉన్నది. "మీరు ముట్టలే గదా?"

"ముట్టలే."

ఆమె గోడకు ఆనుకోని పెద్దగ ఊపిరి ఇడిచింది. "పోయిండు. నాకు తెలుస్తున్నది. నా తండ్రి పోయిండు" అని కొంగుతోని మొకం తుడుచుకున్నది. తర్వాత రెండు కంచాలు పెట్టింది. ఉడుకుడుకు అన్నం, పప్పుచారు. నెలల తర్వాత పగటన్నం మొదటి బుక్క నోట్ల పెట్టుకున్నది. నమిలింది. మింగింది. రెండో బుక్క పెట్టుకున్నది.

శశిధర్ రావు చూసుకుంట కూచున్నడు. అబద్ధమైతేంది, మనిషి తిన్నది, బతుకుతది. గా ఒక్క సంతోషం చాలనిపించింది. తను గూడ కంచంల చెయ్యి పెట్టిండు. బయట బంద్ బందే. ఇంట్ల అన్నం నమిలే చప్పుడు తప్ప ఏం లేదు.

కొంచెం సేపైనంక గా చప్పుడు గూడ ఆగింది.

తల ఎత్తిండు. సత్యవతి నోట్ల బుక్క నోట్లెనే ఉన్నది. ఆయన కంచం దిక్కు చూస్తున్నది.

"ఏమైంది?"

ఆయన గూడ కంచంలకు చూసిండు. తన వేళ్లు పప్పుచారుల పోపు కల్యమాకు ఒక్కొక్కటి ఏరి, కంచం అంచు మీద వరుసగ పేరుస్తున్నయి. ఇన్నేండ్ల కాపురంల ఆయన ఎన్నడూ ఆకు తీసెయ్యలే. అన్నంతోని కలిపి నమిలేటోడు.

"గట్ల ఏరేది... వాడు గదా" అన్నది సత్యవతి, వినీ వినబడకుండ.

శశిధర్ రావు చెయ్యి ఎనుకకు గుంజుకుందామనుకున్నడు. వేళ్లు ఆగలే. ఇంకో ఆకు. ఇంకో ఆకు...

సత్యవతి కేక వెయ్యలే. లేచి పోలే. అన్నం గిన్నె దగ్గరికి గుంజుకోని, ఇంకింత తీసి ఆయన కంచంల వడ్డించింది.