రెండు మూటలు, ఒక ముద్ర

లిఫ్ట్ ఏడో అంతస్తులో ఆగింది. లోపల పదకొండు మంది. పది మంది బయటికి నడిచారు. పదకొండో మనిషి ఒక్క క్షణం అలాగే నిలబడి, మోకాళ్ళ దగ్గర మడతపడి, టిఫిన్ బాక్సుతో సహా కూలిపోయాడు.

ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలు. మెడ వెనక, కాలర్ కింద సూది గుర్తు ఉందని డాక్టరు చెప్పాడు. ఆ మందు పని చెయ్యడానికి పది సెకన్లు చాలు. లిఫ్ట్ పైకి రావడానికి నలభై సెకన్లు పట్టింది. అంటే అరనిమిషం పాటు ఆ మనిషి ప్రాణం లేకుండానే నిలబడి ఉన్నాడు. అతని లాప్‌టాప్ బ్యాగు మాత్రం కనిపించలేదు.

పదకొండు గంటలకి గూఢచారి శాఖ ఆఫీసులో, కిటికీలు లేని గదిలో, ఏజెంట్ పదిహేడు తన చీఫ్ ముందు కూర్చున్నాడు. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు.

"పోయినవాడు టెస్టింగ్ ఇంజనీరు," అన్నాడు పెద్దాయన.

"తెలుసు సార్. మా బావ."

"అందుకే నిన్ను పంపకూడదు. పంపక తప్పట్లేదు."

పదిహేడు లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకున్నాడు. పంటి డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక దవడ తడుముకున్నట్టుంది. చర్మం ఉంది. స్పర్శ లేదు.

పెద్దాయన ఫైలు తెరిచాడు. దేశంలో అంబులెన్సుకీ, ఫైరింజన్‌కీ, పోలీసుకీ వెళ్ళే కాల్స్ అన్నీ ఒకే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారబోతున్నాయి. దాన్ని ఏ టూల్స్‌తో తయారుచెయ్యాలి, ఎవరి సర్వర్ల మీద నడపాలి అన్నది ఒక కమిటీ తేలుస్తుంది. బావ దాని తరఫునే పరీక్షలు చేసేవాడు. మూడు కంపెనీలు చివరి వరకూ వచ్చాయి. మార్కుల్లో ముందున్నది ఒక విదేశీ కంపెనీ. పైకి కంపెనీ. వెనక గూఢచారి ముఠా.

"శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కమిటీ డైరెక్టర్ సంతకం పెడతాడు. పెట్టిన నిమిషం నుంచి కాల్స్ వాళ్ళ సర్వర్ల మీదికి మళ్ళడం మొదలవుతుంది. ఆ తర్వాత వాళ్ళకి కావలసిన రోజున, కావలసిన గంటలో, దేశంలో ఒక్క అంబులెన్సుకీ ఫోన్ మోగదు."

"ముందే ఆపెయ్యొచ్చుగా?"

"అనుమానం మీద టెండర్ ఆపితే కోర్టుకెళ్ళి గెలుస్తారు. రుజువు కావాలి. మీ బావకి అది దొరికింది. బ్యాగుతో పాటు పోయింది. దాని గురించి ఏమైనా తెలిస్తే మీ అక్కకే తెలియాలి. మా వాళ్ళు వెళ్తే ఆవిడ తలుపు తియ్యలేదు."

"ఇవాళ బుధవారం."

"అవును. మీ బావ కుర్చీలో నువ్వు కూర్చుంటున్నావు. వేరే శాఖ నుంచి వచ్చిన పరిశీలకుడివి. చెవులు సరిగ్గా వినపడవు. చెవిటివాడి ముందు మనుషులు నోరు జారతారు."

మారువేషానికి సామాను బల్ల మీద పెట్టారు. ముందుకి జారిన పొట్ట, నెరిసిన మీసం, ఫ్రేములో కెమెరా ఉన్న కళ్ళజోడు. చెవికి వినికిడి మిషన్. నిజానికి అది రేడియో.

"లోపల మన మనిషి ఒకావిడ ఉంది," అన్నాడు పెద్దాయన. "ఆ కంపెనీలోనే కన్సల్టెంటు. కోడ్ పేరు నెమలి. మూడేళ్ళుగా మనకీ, వాళ్ళకీ పనిచేస్తోంది. ఎవరికి ఎక్కువ పనిచేస్తోందో నాకూ తెలీదు."

* * *

అక్క తలుపు తీసింది. ఆమెదీ ప్రోగ్రామింగ్ ఉద్యోగమే. వంటింటి బల్ల మీద ఆమె కంప్యూటరు తెరిచి ఉంది. పక్కన రెండు కప్పులు, ఒకటి ఖాళీ, ఒకటి నిండుగా.

"ఏడ్చావా?" అని అడిగింది.

"లేదు."

"నేనూ లేదు. ఏదో ఒక టైంలో వస్తుందిలే. కూర్చో."

పదిహేడు విషయం చెప్పాడు. అక్క ఎక్కడా ఆపకుండా వింది.

"మొన్న భోజనం చేస్తూ ఒక మాటన్నారు," అంది. "'పేరు మారిస్తే బరువు మారుతోంది' అని. నేను టీవీ చూస్తున్నాను. ఊఁ అన్నాను. అంతే."

"అంటే ఏమిటి?"

"అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు అదే ఆలోచిస్తున్నాను." ఆమె నిండుకప్పు పక్కకి జరిపింది. "చూడు. మనం కోడ్ రాస్తాం. దాన్ని మూటగట్టి సర్వర్‌కి పంపడానికి ఒక టూల్ ఉంటుంది. ఒకే కోడు, ఒకే పద్ధతిలో మూటగడితే ప్రతిసారీ అచ్చం ఒకలాగే రావాలి. వచ్చిందో లేదో చూడటానికి మూటకి ఒక ముద్ర తీస్తాం. అక్షరాలూ అంకెలూ కలిపి ఒక వరస. లోపల ఒక్క చుక్క మారినా వరసంతా మారిపోతుంది."

"వాళ్ళ టూల్ మూటలోకి ఏదో దూరుస్తోందన్నమాట."

"మన కోడ్ ఎంత శుభ్రంగా ఉంటే ఏం లాభం, మూటగట్టేవాడే దొంగైతే? కానీ కమిటీ వంద పరీక్షలు చేసింది. ముద్ర ఎప్పుడూ తప్పలేదు. అదే నాకు అంతుపట్టట్లేదు."

పదిహేడు లేచాడు. అక్క గుమ్మం దాకా వచ్చింది.

"నీ పొట్ట పక్కకి జారింది. సరిచేసుకో," అంది.

* * *

గురువారం ఉదయం ఏడో అంతస్తులో, బావ బల్ల ముందు, చెవిటి పరిశీలకుడు కూర్చున్నాడు. సొరుగులో బావ చేతిరాతతో ఒక పట్టిక ఉంది. మూడు ప్లాట్‌ఫామ్‌లు, నూట నలభై ప్రశ్నలు. స్పీడెంత, డేటా ఏ దేశంలో ఉంటుంది, వద్దనుకుంటే మన సామాను మనం తీసుకుని వెళ్ళనిస్తారా. నూట నలభయ్యో ప్రశ్న: అర్ధాంతరంగా పడిపోతే ఫోన్ ఎత్తే మనిషి ఎవరు?

ఆ ప్రశ్న ఎదురుగా విదేశీ కంపెనీకి పదికి పది పడ్డాయి. బావ నిజాయితీగానే వేశాడు. వాళ్ళు నిజంగానే ఫోన్ ఎత్తుతారు.

కంపెనీ తరఫున ఇద్దరొచ్చారు. ఒకతను సేల్స్ అధిపతి. ఎంత ఉక్కగా ఉన్నా కోటు విప్పడు కాబట్టి ఆఫీసంతా అతన్ని కోటు అంటుంది. రెండో మనిషి ఆకుపచ్చ చీరలో వచ్చింది. ఆమె నడిచి వెళ్తుంటే సర్వర్ల గురించి మాట్లాడుకునే వాళ్ళు ఏ సర్వరు గురించి మాట్లాడుకుంటున్నారో మర్చిపోయారు.

నీళ్ళ మిషన్ దగ్గర పదిహేడు ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఈ బిల్డింగులో ఏ అంతస్తులో నీళ్ళు బాగుంటాయండీ?"

"పైకి వెళ్ళేకొద్దీ చేదు," అంది నెమలి, గ్లాసు వైపే చూస్తూ. సంకేతం సరిపోయింది. "పోయినాయనకి మీరేమవుతారు?"

"ఏమీ కాను."

"ఆయన బల్ల ముందు కూర్చున్న తీరు చూస్తే అలా లేదు." ఆమె గ్లాసు కింద ఒక చిన్న మెమరీ కార్డు పెట్టింది. "మా టూల్ కట్టిన మూట. పరీక్షించుకోండి."

మధ్యాహ్నానికి అక్క, కార్డుతో పాటు పదిహేడు పంపిన కమిటీ కోడ్‌ని తనూ మూటగట్టి, రెండిటినీ పోల్చి చూసింది. ముద్ర సరిపోయింది. అక్షరం తేడా లేదు.

"ఆవిడ మోసం చేసింది," అన్నాడు పదిహేడు ఫోన్లో.

"చెయ్యకపోవచ్చు. ఈ మూట మీద ప్రాజెక్టు పేరు ఏముందో తెలుసా? నమూనా." "కమిటీ చేసిన వంద పరీక్షలూ నమూనా పేరుతోనే చేసి ఉంటారు."

"మరి?"

"పేరు మారిస్తే బరువు మారుతోంది. ఆయన పొరపాటున అసలు ప్రాజెక్టు పేరుతో మూటగట్టి ఉంటారు. టూల్ పేరు చూస్తోందిరా తమ్ముడూ. పరీక్ష అని తెలిస్తే బుద్ధిగా ఉంటుంది. నిజం పని అని తెలిస్తే చెయ్యి పెడుతుంది."

అసలు పేరుతో మూటగట్టే అధికారం కంపెనీ వాళ్ళ లాగిన్‌కే మిగిలింది. బావ లాగిన్‌ని అతను పోయిన గంటకే తీసేశారు. ఇక మిగిలింది ఒకే ఒక సందర్భం. శుక్రవారం, సంతకానికి ముందు, కమిటీ ఎదుట జరిగే ఆఖరి డెమో.

* * *

శుక్రవారం మూడున్నర. పొడవాటి బల్ల, పద్నాలుగు కుర్చీలు. చివర డైరెక్టర్. ఆరు నెలలుగా ఈ మూడు కంపెనీల స్లైడ్లు చూసి చూసి అలిసిపోయిన పెద్దమనిషి. పెన్ను మూత ముందే తీసి పెట్టుకున్నాడు.

నెమలి కంప్యూటర్ ముందు కూర్చుంది. కోటు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెర మీద డెమో మొదలైంది. కోడ్ వెళ్ళింది, మూట కట్టింది, సర్వర్ మీద లేచింది. మొత్తం యాభై సెకన్లు. ఎవరో చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు.

మూడు యాభైకి చెవిటి పరిశీలకుడు చెయ్యెత్తాడు.

"ఒక్క సందేహం. దీన్నే అసలు ప్రాజెక్టు పేరుతో ఇంకోసారి చేసి చూపిస్తారా?"

కోటు నవ్వాడు. "సంతకం అయ్యాకే అసలు పేరు వాడాలండి. ఒప్పందంలోనే ఉంది."

"ఏమన్నారు?" అన్నాడు పదిహేడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

కోటు గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. పదిహేడు మళ్ళీ ఏమన్నారన్నాడు. మూడు యాభై మూడు.

"అయ్యా, నూట నలభై ప్రశ్నలూ అయిపోయాయి," అన్నాడు డైరెక్టర్. "ఇప్పుడు నూట నలభై ఒకటోదా? నాలుగింటికల్లా సంతకం అయిపోవాలి." పెన్ను కాగితం మీదికి వంగింది.

పదిహేడు నెమలి వైపు చూశాడు. బతిమాలలేదు. అతని ముఖంలో బతిమాలడానికి కావలసినది ఏమీ మిగల్లేదు. ఖాళీ గదిలోకి చూసినట్టు ఆమెనే చూస్తూ ఉన్నాడు.

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

"నమూనా తీసెయ్యడానికి రెండు సెకన్లు పట్టదు సార్," అంది డైరెక్టర్‌తో. "పరిశీలకుడిగారి ముచ్చట తీరుద్దాం."

"వద్దు," అన్నాడు కోటు.

ఆమె పేరు మార్చి ఎంటర్ నొక్కింది.

యాభై సెకన్లు. కోటు ముందుకి ఒక అడుగు వేశాడు. తలుపు దగ్గర గుమాస్తా వేషంలో ఉన్న శాఖ మనిషి కుర్చీ జరిపి దారికి అడ్డం పెట్టాడు. తెర మీద మూట ముద్ర వచ్చింది.

"సార్, ముద్రలో మొదటి ఆరూ చదువుతారా?" అని పదిహేడు డైరెక్టర్‌ని అడిగాడు.

"ఏడు, బి, సున్నా, ఎఫ్, నాలుగు, నాలుగు."

వినికిడి మిషన్‌లో అక్క గొంతు వినపడింది. ఇంట్లో అదే కోడ్‌ని, అదే పేరుతో, వాళ్ళ చెయ్యి తగలకుండా ఆమె మూటగట్టి ఉంచింది. "నాది సి, రెండు, తొమ్మిది, తొమ్మిది, ఎ, ఒకటి. చెప్పు వాళ్ళకి."

పదిహేడు చెప్పాడు. తర్వాత బరువులు చదివించాడు. తెర మీది మూట నాలుగు వేల అక్షరాలు ఎక్కువ బరువుంది. ఆ నాలుగు వేల అక్షరాలూ ఎవరు రాశారో కమిటీలో ఒక్కరికీ తెలియదు.

డైరెక్టర్ చెయ్యి కాగితం మీద ఆగింది. అతని పేరులో మొదటి అక్షరం అప్పటికే పడింది. అతను ఆ అక్షరం వైపు కాసేపు చూసి, దాని మీద అడ్డంగా గీత కొట్టాడు. గోడ గడియారంలో నాలుగు కావడానికి పదకొండు సెకన్లున్నాయి.

కోటు పారిపోలేదు. శాఖవాళ్ళు అతన్ని పట్టుకుని మొదటిసారి ఆ కోటు విప్పించారు. లోపలి జేబులో పెన్ను లాంటి సూది ఉంది. ఇంకా రెండు మోతాదులున్నాయి.

* * *

గది ఖాళీ అయింది. నెమలి తన చేతిసంచి సర్దుకుని, శాఖ కారు కోసం కూర్చుంది. ఏ కారు వస్తుందో, సాక్షిగా తీసుకెళ్తుందో ముద్దాయిగా తీసుకెళ్తుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

"ప్రాణం లేని మనిషి అరనిమిషం తనంతట తాను నిలబడడు. లిఫ్ట్‌లో మీరున్నారు," అన్నాడు పదిహేడు.

"ఉన్నాను. కోటు ఆయన వెనక. నేను పక్కన." ఆమె గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "ముందు తెలీదు. తెలిసేసరికి అయిపోయింది. ఆయన నా మీదికి ఒరిగారు. అరిస్తే నేనెవరో తెలిసిపోతుంది. మూడేళ్ళ పని పోతుంది. అందుకని ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబెట్టాను. తలుపు తెరిచేదాకా."

పదిహేడు ఆమెని కొట్టాలని ఉందేమో చూసుకున్నాడు. లేదు. క్షమించాలనీ లేదు.

"బరువుగా ఉన్నారా?" అని అడిగాడు చివరికి.

"లేరు," అంది.

కారు వచ్చింది. ఆమె వెళ్ళిపోయింది. పదిహేడు వాష్‌రూమ్‌లో మీసం పీకేసి, పొట్ట విప్పి, ముఖం కడుక్కున్నాడు. చన్నీళ్ళు అని చేతికి తెలిసింది. ముఖానికి తెలియలేదు.

వినికిడి మిషన్ ఇంకా చెవిలోనే ఉంది.

"ఉన్నావా?" అంది అక్క.

"ఉన్నాను."

"ఆవిడ చెప్పిందంతా విన్నాను."

"తీసెయ్యాల్సింది. మర్చిపోయాను."

"పరవాలేదు. ఒంటరిగా పడిపోలేదని తెలిసింది." అటువైపు నుంచి ఊపిరి చప్పుడు, చాలాసేపు. ఏడుపో కాదో అతనికి తెలియలేదు. "ఇంటికి రా. అన్నం వండుతాను. ఇద్దరం ఏదో ఒకటి తినాలిగా."

సోమవారం ఉదయానికి కంపెనీ ఆఫీసులకి సీలు పడింది, పదహారు మంది జైల్లోకి వెళ్ళారు. మిగిలిన రెండు ప్లాట్‌ఫామ్‌ల గురించి డైరెక్టర్ మళ్ళీ మొదటి స్లైడు నుంచి చూడటం మొదలుపెట్టాడు.

అదే రోజు, చెవిటి పరిశీలకుడి పేరు మీదున్న మెయిల్‌కి ఒక ఉత్తరం వచ్చింది. సర్వర్లు జప్తు చేసినవాళ్ళు ఆ ఒక్క మిషన్‌ని ఆపడం మరిచిపోయినట్టున్నారు. శుక్రవారం మా డెమోకి వచ్చినందుకు ధన్యవాదాలు, మా సేవలు మీకెలా అనిపించాయి, ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తారు అని అడిగింది.

పదిహేడు చాలాసేపు ఆలోచించాడు. సున్నా ఇవ్వడానికి వీల్లేదు. ఒకటిచ్చి, కారణం రాయమన్న గడిలో, డెమో సమయానికి మొదలైంది అని రాసి పంపాడు.