పిన్ని భుజం మీద తువ్వాలు

బడి నుంచి వచ్చిన పిచ్చుక ఇంకా బూట్లు విప్పనేలేదు, లోపల తమ్ముడు బళుక్కున పాలు కక్కేశాడు.

"అయ్యో, మళ్ళీనా!" అంది అమ్మ. ఇప్పుడే మార్చుకున్న బట్టలు మళ్ళీ తడిసిపోయాయి.

పిచ్చుక అన్నది ఆ పిల్ల అసలు పేరు కాదు. పొద్దున లేచింది మొదలు నోటికి తాళం ఉండదు కాబట్టి ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. ఎక్కడ ఏ మాట విన్నా తెచ్చి ఇంకోచోట వదిలేయడం దానికి మహా సరదా.

తమ్ముడు పుట్టాక మాటలకి కొదవే లేదు. వాడు తాగిన పాలు కక్కుతాడు, కక్కి ఏడుస్తాడు, వీపు విల్లులా వంచి మరీ ఏడుస్తాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలో సలహా పారేసి పోతారు. "పాలు ఎక్కువ పడుతున్నావు" అని ఒకరు, "తక్కువ పడుతున్నావు" అని ఇంకొకరు. వాడి తడిసిన బట్టలు ఆరేసి వెళ్ళినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఇవాళ ఎదురింటి పిన్ని మెట్ల దగ్గర అన్న మాట పిచ్చుక నోట్లో ఇంకా వేడిగా ఉంది. బ్యాగు దించకముందే అనేసింది.

"అమ్మా, నీకు పాలు పట్టడం సరిగ్గా రాదట. పిన్ని చెప్పింది. వాళ్ళబ్బాయి చిన్నప్పుడు ఒక్క చుక్క కూడా కక్కలేదట!"

అమ్మ తిట్టలేదు. "అలాగా" అంది, అంతే. తమ్ముణ్ణి ఎత్తుకుని కిటికీ వైపు తిరిగి నిలబడింది. వెనక నుంచి చూస్తే అమ్మ భుజాలు కదులుతున్నాయి.

పిచ్చుక మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ ఒక అంచు కొరికి వదిలేసిన బ్రెడ్డు ముక్క ప్లేట్లో ఉంది. పొద్దున తను బడికి వెళ్ళేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. పసిపిల్లల బరువు చూడ్డానికి ఇంటింటికీ తిరుగుతుందామె. తమ్ముణ్ణి బరువు తూచే తొట్టిలో పడుకోబెడుతుంటే అమ్మ మెల్లగా అంది, "నాకు పాలు పట్టడం సరిగ్గా రాదేమోనండీ."

పిచ్చుక ఉలిక్కిపడింది. అది తను మోసుకొచ్చిన మాటే! ఇప్పుడు అమ్మ నోటి నుంచి వస్తోంది.

"ఎవరన్నారమ్మా అలాగని?" అని అడిగింది నర్సమ్మ.

అమ్మ పిచ్చుక వైపు చూడనైనా చూడలేదు. "ఎవరో అన్నార్లెండి" అంది. తిట్టినా ఇంత బాధ అనిపించేది కాదు పిచ్చుకకి.

"వీడి బరువు చక్కగా పెరుగుతోంది" అంది నర్సమ్మ. "పొట్టకి పైన మూతలాంటిది ఒకటి ఉంటుంది. పసిపిల్లలకి అదింకా వదులుగా ఉంటుంది, అందుకే పాలు వెనక్కి వస్తాయి. చాలామందికి పెరిగేకొద్దీ అదే బిగుసుకుంటుంది. తాగాక కాసేపు నిటారుగా ఎత్తుకోండి. పాలు తాగనని మొరాయించినా, బరువు తగ్గినా వెంటనే మాకు చెప్పండి. మీరు బాగానే పడుతున్నారు. అది సరే, పొద్దున్నుంచీ మీరేం తిన్నారు?"

అమ్మ ఆలోచించింది. ఎంతకీ గుర్తు రాలేదు. పిచ్చుకకి మాత్రం బ్రెడ్డు ముక్క గుర్తొచ్చింది.

నర్సమ్మ వెళ్ళాక అమ్మ తమ్ముడికి పాలు పట్టింది. తర్వాత వాణ్ణి ఒక చేత్తో ఎత్తుకునే, రెండో చేత్తో అన్నం వేడి చేసుకుంది. కూర్చుందో లేదో వాడు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. అప్పుడే తలుపు చప్పుడైంది. ఎదురింటి పిన్ని!

"ఇంకా ఏడుస్తున్నాడా? నేను చెప్పేది విను తల్లీ..."

పిచ్చుక అడ్డం వెళ్ళి నిలబడింది. "చెబుదురుగానీ పిన్నీ, ముందు చేతులు కడుక్కోండి."

పిన్ని తెల్లబోయి వెళ్ళి కడుక్కుంది. పిచ్చుక ఉతికిన తువ్వాలు మడిచి ఆమె భుజం మీద పరిచింది. "తమ్ముణ్ణి కాసేపు నిటారుగా ఎత్తుకుంటారా? అమ్మ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

పిన్ని సలహా నోట్లోనే ఉండిపోయింది. "అయ్యో, ముందే చెప్పొద్దూ!" అంటూ చేతులు చాచింది. పాపం, పిన్ని మంచిదే. ఇన్నాళ్ళూ సాయం అడిగినవాళ్ళు లేరు, అంతే.

అమ్మ కంచం ముందు కూర్చుంది. అన్నం మీద ఇంకా ఆవిరి లేస్తోంది. పిన్ని గదిలో అటూ ఇటూ నడుస్తూ వాడి వీపు నిమిరింది. వాడు పెద్ద తేన్పు తేన్చాడు. ఆ వెనకే బళుక్! తువ్వాలు దాటి పిన్ని మెడ మీదుగా కారింది.

"ఓరి భడవా! నాకు ఎత్తుకోవడం రాదంటావేమిటే పిచ్చుకా?"

"మీకు వచ్చు పిన్నీ. వాడి పొట్ట మూతే ఇంకా వదులు" అంటూ పిచ్చుక ఇంకో తువ్వాలు అందించింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"అమ్మకి కూడా బాగా వచ్చు. ఇది ఎవరో చెప్పింది కాదు. నేనే చెబుతున్నా."

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. కళ్ళు మెరిశాయి.

"తినమ్మా, చల్లారిపోతుంది" అంది పిచ్చుక.