ఎర్రదారం కుట్టు

చలికాలంలో మా పీటర్స్‌బర్గ్‌కి సూర్యుడు చుట్టపుచూపుగా వస్తాడు. భోజనాలు కాగానే వెళ్ళిపోతాడు. అందుకే నేను చెప్పేది సాయంత్రం జరిగిన సంగతే అయినా అప్పటికే బయట కటిక చీకటి. మర్నాడు నీళ్ళ పండగ. నేవా నది మీద మంచుగడ్డ కోసి, పాద్రీ దీవించిన నీళ్ళలో జనం మునిగే రోజు. క్రిస్మస్ సంబరాల్లో వేషం కట్టినవాళ్ళు ఆ నీళ్ళలో మునిగి తీరాలి. లేకపోతే వేషం ఒంటిని వదలదని మా పెద్దల మాట.

మా గొప్పింటివాళ్ళలో వేషం కట్టనిదెవరు? మహారాణిగారి కోటలో మొదలైన సరదా అది. పిలుపు వస్తే మగవాళ్ళు గౌన్లు, ఆడవాళ్ళు సైనికుల కోట్లు తొడుక్కుని నాట్యానికి వెళ్ళాల్సిందే. ముసలి జనరల్స్ గౌనుని గుండ్రంగా ఉబ్బించే తిమింగలం ఎముకల చట్రాల్లో ఇరుక్కుని తిట్టుకుంటూ నడిచేవారు. నా భర్త ఆర్సేనీ మాత్రం తిట్టుకోలేదు. నా నీలంపట్టు గౌను తొడుక్కున్న రోజున ఆయన ముఖంలో ఉన్న నెమ్మది, పెళ్ళయ్యాక మరే రోజూ చూడలేదు. తన పచ్చ సైనికకోటుని నేను తొడుక్కోవడానికి నా కొలతకి తనే బిగించి కుట్టాడు, పచ్చదారం దొరక్క ఎర్రదారంతో. గౌను చట్రం వెడల్పుకి ప్రతి గుమ్మానికీ టక్కున తగిలేవాడు.

"గ్రూషా, పక్కకి తిరగాలా?" అగ్రఫేనా అన్న నా పేరుని ఆయన ముద్దుగా అలా పిలిచేవాడు.

"తిరగాలి దొరసానీ!"

ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ ఏడు నీళ్ళలో మునగనన్నాడు. "ఏం కడుక్కోవాలే? ఏడాది మొత్తమ్మీద నేను నేనుగా ఉన్నది ఆ ఒక్క పూటేగా!" మంచు కరగక ముందే ఊపిరితిత్తుల జ్వరం ఆయన్ని తీసుకుపోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఆ గౌనులోనే సాగనంపు" అన్నాడు. నేను గుండెలు బాదుకున్నా అత్తగారు వినలేదు. ఎర్రదారం కుట్లన్నీ తన చేత్తోనే విప్పి, ఆ పచ్చ కోటే కొడుక్కి తొడిగి పూడ్పించింది.

ఏడాది తిరిగింది. ఇప్పుడు గౌను వంతొచ్చింది. పండగ పొద్దున దాన్ని చర్చికి పంపి, పాద్రీ అంగీకి కత్తిరించమంటుందట. ఆయన గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. అత్తగారు గౌనున్న పెట్టెకి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుంది. పండగ ముందు ప్రతి ఇంట్లో చేసేదే, సుద్దముక్కతో తలుపు తలుపుకీ శిలువ గీస్తూ నా గదికీ వచ్చింది.

"ఇక్కడెందుకత్తయ్యా?"

"మునగనివాడు తిరుగుతాడమ్మాయ్."

"ఆయన మీ కొడుకు!"

"నా కొడుకు కోటు తొడుక్కుని మట్టిలో ఉన్నాడు. తిరిగేది వేరు."

ఆవిడ వెళ్ళాక ఆ శిలువనే చూస్తూ కూర్చున్నాను. నా మొగుడు నా గదికి రాకుండా గీతా? ఒళ్ళు మండిపోయింది. లేచి, మోచేత్తో తుడిచేశాను.

పనివాళ్ళంతా చర్చికి పోయారు. పొయ్యిలో కట్టెలు చిటపటలాడి ఆగిపోయాయి. కాసేపటికి వాసన తగిలింది. తడిమట్టి... సాంబ్రాణి... వాటి అడుగున ఆర్సేనీ పూసుకునే పౌడరు.

వసారాలో పట్టు గరగరలాడింది.

ఎముకల చట్రం కిర్రుమంది... దగ్గరకొచ్చింది... టక్.

గుమ్మానికి తగిలింది.

"గ్రూషా... పక్కకి తిరగాలా?"

గొంతు ఆయనదే. నోట్లో మట్టి పెట్టుకుని మాట్లాడినట్టుంది. పారిపోవాలనిపించింది. ఎదురెళ్ళి కావలించుకోవాలనీ అనిపించింది. ఉన్నచోటే నిలబడ్డాను. కన్నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి.

"తిరుగు... దొరసానీ."

చిన్న నవ్వు. కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో ఓ చల్లటి చెయ్యి నా నడుము చుట్టూ జాన వేసి కొలిచింది. ఒకసారి... మళ్ళీ ఇంకోసారి. తర్వాత ఎడమ చెయ్యంతా కొలిచి, భుజం మీదికి పాకింది. కుడి చేతి మీదుగా కిందికి దిగుతూ... మోచేతి దగ్గరికి వచ్చింది.

"అగ్రఫేనా! ఎవరితోనే మాటలు?"

దీపంతో అత్తగారు పరుగెత్తుకొచ్చింది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. చెరిపిన శిలువ చూసి ఆవిడ ముఖం పాలిపోయింది. నేరుగా పెట్టె దగ్గరికి నడిచింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఆవిడ నడుము నుంచి తాళంచెవి తీసుకుని నేనే తెరిచాను.

గౌను లేదు. దాని చోటున, చక్కగా మడతపెట్టి, పచ్చ కోటు. గుండీల సందుల్లో మట్టి.

"నా చేత్తో తొడిగానే..." అత్తగారు కూలబడిపోయింది. "ఇంత చలిలో... నా బిడ్డ ఒంటిమీద ఏముందే అమ్మాయ్?"

"గౌనుందత్తయ్యా. వెచ్చగానే ఉంటాడు."

అంతవరకూ విడివిడిగా ఏడ్చిన వాళ్ళం, ఆ రాత్రి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

ఆవిడ నిద్రపోయాక కోటుని దీపం దగ్గరికి తీసుకెళ్ళి, లోపలివైపు తిప్పి చూశాను. ఆవిడ విప్పేసిన ఎర్రదారం కుట్లు మళ్ళీ వచ్చాయి. నడుము నా కొలతకి సరిగ్గా బిగించి ఉంది. ఎడమ చెయ్యి అయిపోయింది. కుడి చేతి కుట్టు మోచేతి దగ్గర ఆగిపోయింది. దారం చివర సూది వేలాడుతూ... ఇంకా ఊగుతోంది.