పరగడుపు పరీక్ష

“తలకిందులుగా పట్టకు! చచ్చిపోతది!”

దవాఖాన గుమ్మంలో వానకు తడిసి నిలబడిన అమ్మాయి మీద కిషన్‌లాల్ వేసిన మొదటి కేక అది. పరిచయానికి ఇంతకన్నా మంచి మాటలు ఉంటాయని అతనికీ తెలుసు. కాని ఆమె చేతిలో కోడిపెట్ట కాళ్లు పైకి, ముక్కు కిందికి వేలాడుతోంది.

“కోడిని ఇంకెట్ల పడుతరు? నెత్తి మీద కూసోబెట్టుకుంటరా?”

“సంకల పెట్టుకో. మెడకింద సంచి నిండింది. తలకిందులైతే అండ్ల నీళ్లు ఊపిరిలకు పోతయి.”

ఆమె గబుక్కున కోడిని చంకలోకి తీసుకుంది. తన మాట ఒక మనిషి వెంటనే వినడం కిషన్‌లాల్‌కు కొత్త.

రిటైరైన డాక్టరొకాయన బాన్సువాడ బస్టాండు వెనక కిరాయి గదిలో నడుపుతున్న పశువుల దవాఖాన అది. డాక్టరుగారు బర్రెల కోసం ఊళ్లు తిరుగుతారు. కోళ్లు, మేకపిల్లలు, వాటిని తెచ్చే మనుషులు కాంపౌండర్ కిషన్‌లాల్ వంతు. వాటిలో మనుషులే అతనికి కష్టం. మనసు గురించి రెండు పుస్తకాలు చదివిన దగ్గరి నుంచి, ఎవరితో మాట్లాడినా లోపల ఇంకొకడు కూర్చుని అంతా రాసుకుంటున్నట్టు ఉంటుంది.

కోడి మెడకింద తడిమాడు. సంచి బత్తాయంత ఉబ్బి, పిండిముద్దలా గట్టిపడి ఉంది.

“ఏం తిన్నది?”

“గడ్డి. వానలకు వాకిట్ల మోకాలెత్తు పెరిగింది. సుతిలి తాడు ముక్క గూడ మింగినట్టుంది.”

డ్రాపర్‌తో నాలుగు చుక్కలు పల్లినూనె దాని నోట్లో పోసి, రెండు వేళ్లతో సంచిని మెల్లగా పిసకసాగాడు. కోడి బెదిరింది. దాన్ని బుజ్జగిస్తూ తన తండా భాషలో ఏదో అన్నాడు. అమ్మాయి చటుక్కున తలెత్తింది.

“మీది ఏ తండా?”

కిషన్‌లాల్ చెవులు వేడెక్కాయి. మూడేళ్లుగా ఈ గదిలో తెలుగు తప్ప మాట్లాడలేదు.

“నిజాంసాగర్ కాడ.”

“కోడితోనేమో మన మాట, నాతోనేమో తెలుగా? నాకన్న కోడే నయమన్నట్టు!”

ఆమె పేరు దేవ్లి. కోడి మామూలు కోడి కాదు. కూతురి పెళ్లి కుదిరితే ఇస్తానని తండ్రి ఫూల్‌సింగ్ మేరమ్మ తల్లికి మొక్కుకున్న కోడి.

“కుదిరిందా?” కిషన్‌లాల్ అవసరమైన దానికన్నా తొందరగా అడిగాడు.

“ఒక సంబంధం వచ్చింది. పిలగానికి లారీ ఉన్నదట. కని రోగపు కోడిని తల్లికియ్యరు గద? ఇది తేరుకునేదాక వాళ్లను పిలువనన్నడు బాపు.”

లారీ మాట తనకేమీ అనిపించలేదని కిషన్‌లాల్ నిశ్చయించుకున్నాడు. లోపలివాడు ఆ నిశ్చయాన్ని కూడా రాసుకున్నాడు.

“ఇయ్యాల మేత పెట్టకు, నీళ్లే పెట్టు. రేపు పొద్దున పరగడుపున సంచి తడిమి సూడు. ఖాళీగుంటే నయమైనట్టు. ఇగ వాకిట్ల గడ్డి కోసెయ్యి, తాళ్లు ఏరెయ్యి. ఇసుకల సన్నరాళ్లు కలిపి పెట్టు. కోడికి నోట్ల పండ్లుండవు, కడుపుల రాళ్లే నములుతయి.”

మూడు రోజులకు దేవ్లి మళ్లీ వచ్చింది, మధ్యాహ్నం మూడింటికి. కోడి బుద్ధిగా చంకలో ఉంది.

“తగ్గలే.”

సంచి నిండుగానే ఉంది. కాని వేళ్ల కింద మక్కజొన్న గింజలు విడివిడిగా కదిలాయి. అప్పుడే కడుపునిండా తిన్న ఏ కోడి సంచి అయినా అలాగే ఉంటుంది. అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: పొద్దున ఎట్లుండె?

అతను అడగలేదు.

“రెండు చుక్కలు పోస్త. ఎల్లుండి మళ్లా తీస్కరా.”

దీన్ని జాగ్రత్త అంటారని ఆ సాయంత్రం తనకు తాను చెప్పుకున్నాడు. రెండో పుస్తకంలో దీనికి వేరే పేరుంది. ఆ పేజీ జోలికి పోలేదు.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ మధ్యాహ్నమే, ప్రతిసారీ సంచి నిండే. ఇప్పుడు కోడి తనంతట తానే బల్ల ఎక్కి నోరు తెరుస్తోంది.

“గీ రోగం ఎన్ని దినాలుంటది?” దేవ్లి అడిగింది.

“చెప్పలేం. కోడికోడికి మారుతది.”

“గట్లనా,” అంది దేవ్లి వానవైపు తిరిగి. ఆమె భుజాలు కదిలాయి. చలికని అనుకున్నాడు.

ఆదివారం తెల్లవారగానే తలుపు చప్పుడైంది. ఎర్ర తలపాగా, తెల్ల మీసాలు, చంకలో కోడి.

“ఫూల్‌సింగ్‌ను. పరగడుపున తెచ్చిన డాక్టర్ సాబ్. ఇప్పుడు సూడు.”

తండ్రి వెనక దేవ్లి నేల చూపులు చూస్తోంది.

కిషన్‌లాల్ తడిమాడు. సంచి ఖాళీ గుడ్డసంచిలా వేలికి తగిలీ తగలనట్టు ఉంది. నయమైందంటే లారీవాళ్లకు ఈ రోజే కబురు వెళుతుంది. లోపల వాపు ఉందంటే ఇంకో వారం దొరుకుతుంది. లోపలివాడు కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూశాడు.

“కోడి మంచిగున్నది.”

“ఎప్పటి సంది?”

“...రెండోసారి తెచ్చినప్పటి సంది.”

“మరి గన్నిసార్లు నూనె ఎందుకు పోసినవ్?”

ఆ జవాబు తెలుగులో రాలేదు. నయమైందంటే మీ బిడ్డ మళ్లీ రాదని, అన్నాడు ఇంటి భాషలో. ఆ గదిలో ఒక మనిషితో అతను ఆ భాష మాట్లాడటం అదే మొదలు.

ఫూల్‌సింగ్ మీసం దువ్వుకున్నాడు. “మధ్యాహ్నం కోడి సంచి నిండుంటదని నాకు తెల్వదా? గీ పిల్ల మక్కలు మేపి మేపి సంకనేసుకొని పోతుంటే సూస్తలేనా?”

“మరి ఎందుకు ఊకున్నవ్ బాపు?” దేవ్లి తల ఎత్తింది.

“లారీ పిలగాడు తాగుతడని ఎవలో అన్నరు. కనుక్కునేటందుకు నాకు గూడ దినాలు కావాలె గద.”

ముగ్గురూ కోడివైపు చూశారు. ముగ్గురి రోగమూ అదే మోసింది.

“తాగుడు నిజమేనట. అటుసంది నీ సంగతి ఏందో సూద్దామని వచ్చిన. అబద్ధమాడితే ఇంకో సంబంధం ఎతుక్కుందును. మీదేం గోత్రం?”

“రాథోడ్.”

“మాది పవార్. కుదురుతది.”

“మరి మొక్కు?” అంది దేవ్లి మెల్లగా.

“బిడ్డ పెండ్లి కుదిరితే ఇస్తనన్న. ఎవ్వనితోనని చెప్పలే. ఇగ కోడి గూడ మంచిగైంది. వచ్చే అయితారమే ఇద్దాం.”

కోడి అలవాటుగా కిషన్‌లాల్ చొక్కా గుండీ పొడిచి, నోరు తెరిచి నిలబడింది. తన చేతికి ఇంతగా అలవాటైన మొదటి రోగి అది.

“ఆగుండ్రి,” అన్నాడు. “లోపల ఇంకా కొంచెం వాపున్నట్టుంది. ఒక నెల సూడాలె.”

దేవ్లి ఫక్కున నవ్వింది. “నెలనా? మరి పెండ్లి గూడ నెల ఆగాలె గద, డాక్టర్ సాబ్!”

ఆమె కోడిని మెల్లగా చంకలోకి తీసుకుంది.

“బాపు, తల్లికి పుంజునిద్దాం. దీన్ని నాకు పెండ్లికి అరణమియ్యి.”

ఫూల్‌సింగ్ కోడిని ఎగాదిగా చూశాడు. “పుంజు ఇంకింత పెద్దగుంటది,” అన్నాడు. “తల్లి కాదంటదా?”

గుమ్మం దాటుతూ దేవ్లి వెనక్కి తిరిగింది.

“రేపు మధ్యాహ్నం తీస్కొస్త. మందు పోస్తవా?”

“కోడెందుకు?” అన్నాడు కిషన్‌లాల్, తమ భాషలోనే. “ఊరికే రా.”